చిన్న క్యాంపింగ్ ట్రైలర్: ఏసీ సంగతి తర్వాత, ముందు నొగ బరువు చూడండి

మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "ఇంట్లో నలుగురం, పిల్లలకు 6, 9 ఏళ్లు. బొలెరో ఉంది. నెలకోసారి సోమశిల, సాగర్ బ్యాక్‌వాటర్ వైపు వెళ్లి రెండు రాత్రులు ఉండాలని కోరిక. బడ్జెట్ 6 లక్షలు. ఏసీ, బాత్రూమ్, నలుగురికీ పడకలు ఉన్న ట్రైలర్ కొనమంటారా, లేక జడ్చర్లలో తెలిసిన వెల్డింగ్ షాపులో చేయించుకోమంటారా?"

నేనుండేది నల్గొండలో. 2016లో మొదటి ట్రైలర్ చేయించాను, 2019లో రెండోది. రెండోదే ఇప్పటికీ తిరుగుతోంది. మొదటిది మా మామగారి బత్తాయి తోటలో కాపలా గది అయింది. చక్రాలు కూడా తీసేశాం, ఇటుకల మీద కూర్చుంది. అంత దండగ చేసినవాణ్ని కాబట్టి సలహా చెప్పే హక్కు నాకుంది అనుకుంటున్నా.

మీ ప్రశ్నలో ఏసీ ఉంది, బాత్రూమ్ ఉంది, పడకలున్నాయి. బరువు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నేనూ మొదట్లో అలాగే అడిగాను.

మా తాతది పాలమూరు వైపు. పల్లికాయ బస్తాలు ఎద్దుల బండికి ఎక్కించాక, ఎద్దుల్ని కట్టే ముందు నొగ (బండి ముందుకు పొడుచుకొచ్చే దూలం) కొస ఒకసారి చేత్తో ఎత్తి చూసేవాడు. అలవోకగా లేస్తే వెనక బరువెక్కువ అని అర్థం, రెండు బస్తాలు ముందుకు జరిపించేవాడు. ఎంతకీ లేవకపోతే ఒకటి వెనక్కి. బండి వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి ఎద్దు గొంతు బిగుస్తుంది. ముందుకు మొగ్గితే మెడ మీద పుండు పడుతుంది. ట్రైలర్ విద్య మొత్తం ఇందులోనే ఉంది. ఎద్దుల బదులు మీ బొలెరో, కాడి బదులు బండి వెనక బిగించే హుక్కు బాల్, అంతే తేడా.

లెక్కగా చెప్పాలంటే సామాను, నీళ్లతో సహా ట్రైలర్ మొత్తం బరువులో కనీసం పదో వంతు హుక్కు మీద పడాలి. 10 నుంచి 15 శాతం మధ్య ఉంటే మంచిది. అంటే 650 కిలోల ట్రైలర్‌కి ముక్కు దగ్గర, అంటే హుక్కుకు తగిలే ముందు కొస దగ్గర, 65 కిలోలకు తగ్గకూడదు. హుక్కు మీద కూడా ఇంత బరువే మోస్తాను అని ఒక పరిమితి అచ్చు వేసి ఉంటుంది, దాన్ని దాటకూడదు. అచ్చు లేని హుక్కు కొనకండి.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో నాకు 65వ నంబర్ హైవే మీద తెలిసింది. చిట్యాల దాటి నార్కట్‌పల్లి వైపు వస్తున్నాం. వంటసామాను, రెండు నీళ్ల క్యాన్లు, టెంటు, కుర్చీలు అన్నీ వెనక డోర్ దగ్గరే కుక్కేశాం, దిగగానే తీసుకోవడానికి సులువని. స్పీడు 85 దగ్గర ఉంది. పక్కనుంచి ఒక ఓల్వో బస్సు దాటింది. దాని గాలికి ట్రైలర్ తోక ఒకసారి ఎడమకు ఊగింది, తర్వాత కుడికి, తర్వాత ఇంకాస్త ఎక్కువగా ఎడమకు. మూడో ఊపుకి నా బండి వెనక చక్రాలు కూడా దానితోపాటు జరగడం సీట్లో తెలిసింది. అప్పుడు బ్రేకు తొక్కడమే చాలామంది చేసే తప్పు. తొక్కితే వెనకున్న బరువు ముందుకు తోసుకొచ్చి బండి మడత పడుతుంది. నేను తొక్కలేదు, కానీ అది తెలివి కాదు, భయంతో కాలు బిగుసుకుపోయింది. చేయాల్సింది కూడా అదే: యాక్సిలరేటర్ వదిలేయాలి, స్టీరింగ్ నేరుగా పట్టుకోవాలి, ఊపుని సరిచేయడానికి అటూఇటూ తిప్పకూడదు. స్పీడు 60కి దిగేసరికి అదే సర్దుకుంది. పక్కకు ఆపి ఆ నీళ్ల క్యాన్లు ముందుకు మార్చాను. ఆ రోజు నుంచి 60 దాటను. మా ఆవిడ స్పీడోమీటర్ వైపు చూస్తూనే కూర్చుంటుంది.

ఇప్పుడు మీ వెల్డింగ్ షాపు సంగతి. ఆయన పనిమంతుడే కావచ్చు, కాదనను. కానీ ట్రాక్టర్ ట్రాలీలు చేసిన చేయి ఇనుము తగ్గించదు. నా మొదటిది అలాంటి షాపులోనే చేయించాను. "సార్, సన్నం పైపు వేస్తే విరుగుద్ది, తర్వాత నన్ను అంటారు" అని ఆయన లావు యాంగ్లర్లు వేశాడు. నేను 18 ఎంఎం ప్లైవుడ్ వేయించాను. పైన ఇనుప రేకు. అన్నీ అయ్యాక చూడముచ్చటగా ఉంది. 700 కిలోలు ఉంటుందేమో అనుకుంటూ మిర్యాలగూడ దగ్గర ఒక రైస్‌మిల్లు ధర్మకాంట మీద ఎక్కించాను. చీటీ మీద 1,180. అదీ ఖాళీగా. కాంటా అబ్బాయి "లోపల వడ్లు ఉన్నాయా సార్?" అని అడిగాడు.

కాబట్టి మొత్తం ఆ షాపుకే అప్పగించకండి. పైన డబ్బా ఎక్కడ చేయించినా, ఖాళీ చాసిస్ (ఇరుసు, చక్రాలున్న అడుగు చట్రం) మాత్రం తెలిసినవాడి దగ్గర, ట్రైలర్ కాగితాలు ఇవ్వగలిగినవాడి దగ్గరే కొనండి. మన చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, విడిగా నంబర్ ప్లేటు కావాలి. అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఫారం 21, ఫారం 22 ఇస్తావా?" అని. 21 అంటే అమ్మకం సర్టిఫికెట్, 22 అంటే బండి నిబంధనల ప్రకారం తయారైందని తయారీదారు ఇచ్చే పత్రం. "అవన్నీ మేం చూసుకుంటాం సార్, ఎవరూ ఆపరు" అన్నాడంటే అక్కడి నుంచి వచ్చేయండి. చిన్న ట్రైలర్లలో మొత్తం బరువు 750 కిలోల లోపుంటే టీ1, అది దాటి 3.5 టన్నుల దాకా టీ2. మీరు టీ1లో ఉండిపోయేలా చూసుకోండి. రోడ్డు మీద కూడా అదే మీకు హద్దు.

బొలెరో మాన్యువల్ తీసి టోయింగ్ (ట్రైలర్ లాగడం) గురించి ఏం రాశారో చూడండి. కనపడకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ప్రింటు తీసి ఆర్సీతో పాటు ఉంచుకోండి. బయట షాపులో హుక్కు వేయిస్తే అది బండిలో మార్పు కిందికి వస్తుందా, రాదా అన్నది మీ ఆర్టీఏ ఆఫీసులో ముందే అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించే. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా తెలియజేయండి. ప్రమాదం జరిగాక తెలియజేస్తే వినరు.

ఇక నలుగురికి పడకలు. కంపెనీ వాళ్ల బొమ్మల్లో ఒక డబుల్ బెడ్డు, పైన రెండు బంకులు, మధ్యలో సోఫా, టేబుల్ ఉంటాయి. అవన్నీ పట్టాలంటే 14 అడుగుల డబ్బా కావాలి, నిలబడేంత ఎత్తు కావాలి. బరువు 1,200 దాటుతుంది. మనకు అంత అవసరం లేదు. ఇంట్లో చుట్టాలొస్తే ఎలా పడుకుంటాం? హాల్లో వరసగా పరుపులు పరిచి. ట్రైలర్‌లోనూ అంతే. లోపలి వెడల్పు 6 అడుగుల 2 అంగుళాలు పెట్టించి, అడ్డంగా పడుకోండి. పొడవులో 7 అడుగుల పరుపు వేస్తే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు వరసగా పడతారు. మీ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాల లోపయితే కాళ్లు గోడకు తగలవు. పిల్లలు పెద్దయ్యాక పక్కన ఒక టెంటు వేస్తే సరి. అప్పటికి వాళ్లే మీ పక్కన పడుకోం అంటారు లెండి.

ఎత్తు లోపల 4 అడుగుల 3 అంగుళాలు చాలు. కూర్చుని చొక్కా మార్చుకోగలిగితే చాలు, నిలబడాల్సింది బయట. ఎత్తు తగ్గితే గాలి దెబ్బ తగ్గుతుంది, డీజిలూ తగ్గుతుంది, డబ్బా గోడలకు తగిలే ఎండ కూడా తగ్గుతుంది. ఇంత వెడల్పు డబ్బా మీ బొలెరో కంటే రెండు పక్కలా కాస్త బయటికి వస్తుంది కాబట్టి, అద్దాలకు తగిలించే పొడుగు అద్దాలు తప్పనిసరి. అవి లేకుండా 44వ నంబర్ హైవే మీద లేన్ మారితే వెనక ఏముందో దేవుడికే తెలియాలి.

గోడలు ప్లైవుడ్‌తో వద్దు. ఐస్‌క్రీమ్ వ్యాన్లకు, కోల్డ్ స్టోరేజీలకు వాడే పఫ్ ప్యానెల్ ఉంటుంది కదా, మధ్యలో నురుగు, రెండు పక్కలా ఫైబర్ రేకు. ఆ 30 నుంచి 40 ఎంఎం ప్యానెల్ తెల్లరంగుది వాడండి. తేలిక, చెదలు పట్టదు, ఎండ ఆపుతుంది. నా మొదటి డబ్బాలో మార్చి నెలాఖరున సోమశిలలో పడుకున్నాం. రాత్రి 10 గంటలకు లోపల థర్మామీటర్ 37 చూపించింది, బయట హాయిగా కృష్ణ మీది గాలి. పగలంతా ఎండ తాగిన ఇనుప రేకు రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది. పిల్లలు ఇద్దరూ లేచి బయట చాప మీద పడుకున్నారు. అంత ఖర్చు పెట్టి చేయించిన ట్రైలర్‌లో ఆ రాత్రి మా కూరగాయల సంచి ఒక్కటే పడుకుంది.

ఏసీ ఎందుకు వద్దంటున్నానో కూడా లెక్కతో చెప్తా. ముప్పావు టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు 700, 800 వాట్లు తీసుకుంటుంది. మధ్యమధ్య ఆగినా, రాత్రి ఆరేడు గంటలకు మూడు యూనిట్ల పైనే పోతుంది. 12 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే దాచేది 1.28 యూనిట్లు. అంటే ఒక్క రాత్రికి అలాంటివి మూడు కావాలి, మర్నాడు వాటిని నింపడానికి పైకప్పంతా సోలార్ ప్యానెళ్లు వేసినా చాలడం కష్టం. మిగిలింది జనరేటర్. కృష్ణ ఒడ్డున జనరేటర్ మోత పెట్టుకుని పడుకోవడానికి అంత దూరం ఎందుకు? ఏసీ కావాలనిపించే ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోనే ఉండండి. మనకు క్యాంపింగ్ అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి, కాస్త సాగదీస్తే మార్చి మొదటి వారాలు.

ఏసీ లేకుండా కావాల్సిందేమిటంటే: తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, పైకప్పులో తెరుచుకునే కిటికీ, దోమతెర గట్టిగా బిగించిన రెండు పక్క కిటికీలు. రాత్రంతా ఫ్యానుకు 270 వాట్‌అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్), లైట్లకు, ఫోన్లకు 120. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ పెడితే మన వేడికి రోజుకు 500 దాకా తింటుంది. మొత్తం దాదాపు 900. 200 వాట్ల ప్యానెల్ మన దగ్గర శీతాకాలపు ఎండకు, నష్టాలు పోను, రోజుకు 600 నుంచి 700 ఇస్తుంది. తక్కువ పడ్డది బ్యాటరీలో ముందే ఉన్నది పూడుస్తుంది. రెండు రాత్రులకు లెక్క సరిపోయింది. నన్నడిగితే మొదటి ఏడాది ఫ్రిజ్ కూడా కొనకండి. మంచి ఐస్‌బాక్సులో రెండు లీటర్ల నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకోండి, కరిగాక తాగొచ్చు.

ఇంట్లో ఇన్వర్టర్‌కున్న పెద్ద ట్యూబులర్ బ్యాటరీ మీద కన్ను పడుతుంది, నాకూ పడింది. అది 50 కిలోల పైనే ఉంటుంది, ఛార్జి సగం కంటే కిందికి దించితే పాడవుతుంది, పడుకునే చోట దాని గ్యాసు మంచిది కాదు. అంతే పని చేసే లిథియం బ్యాటరీ 12 కిలోల చుట్టూ ఉంటుంది. డబ్బు పెట్టాల్సిన చోటు ఇది. బ్యాటరీ ప్లస్ తీగకు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. నడుస్తున్నప్పుడు బండి నుంచి బ్యాటరీ నిండాలంటే నేరుగా తీగ లాగకండి, మధ్యలో బ్యాటరీకి సరిపడేలా కరెంటును అదుపు చేసే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించండి.

వంట బయట. ఇది వాదన లేని విషయం. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద చెరువులా నిలబడుతుంది. మీరు పడుకునేది కూడా నేల ఎత్తులోనే. 5 కిలోల సిలిండర్ ముక్కు మీద బయట పెట్టెలో, అడుగున రంధ్రాలతో ఉండాలి. చాలామంది వంటగది వెనక డోర్ కింద పెడతారు, ఫొటోల్లో బాగుంటుంది. కానీ పొయ్యి, గిన్నెలు, బియ్యం, నూనె, నీళ్లు అన్నీ ఇరుసు వెనక్కి చేరతాయి. నార్కట్‌పల్లి కథ మళ్లీ మొదలు. నా రెండో ట్రైలర్‌లో వంట అర ఇరుసు పక్కనే, ఎడమవైపు గోడలోంచి బయటికి లాగేది. అమ్మ "ఇదేందిరా, అలమారలోంచి పొయ్యి వస్తోంది" అంటుంది కానీ జొన్నరొట్టె మాత్రం దాని మీదే చేస్తుంది.

నీళ్లు లీటరుకు కిలో, మరిచిపోకండి. 60 లీటర్ల ట్యాంకు చాలు, అది సరిగ్గా ఇరుసు మీద ఉండాలి, నిండినా ఖాళీ అయినా ముక్కు బరువు మారకుండా. తాగే నీళ్లు మాత్రం ఇంటి నుంచే క్యాన్లలో. మా జిల్లా బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మరిగిస్తే పోయేది క్రిములే, ఫ్లోరైడ్ పోదు.

బాత్రూమ్ గురించి ఒక్క మాటే: చిన్న పోర్టబుల్ టాయిలెట్, పక్కన నిలువు గుడారం. డబ్బా నిండితే మన ఇంటి సెప్టిక్ ట్యాంకులోనే ఖాళీ చేయాలి, కాలువలో కాదు.

ఇరుసు, చక్రాల విషయంలో లోభం పనికిరాదు. కమాన్ పట్టీలైనా ఫర్వాలేదు, ఏ ఊళ్లోనైనా బాగుచేస్తారు. రబ్బరు టార్షన్ ఇరుసు (లోపలి రబ్బరే కుదుపు ఆపుతుంది) మెత్తగా ఉంటుంది కానీ దేవరకొండ అవతల పాడైతే చేసేవాడు దొరకడు. నేను కమాన్ పట్టీలవైపే. చక్రాలు మీ బొలెరో సైజువే, అవే బోల్టు రంధ్రాలతో పెట్టించండి. అప్పుడు ఒక స్టెప్నీ రెంటికీ పనికొస్తుంది. పాతది కొంటుంటే టైరు పక్కనున్న చివరి నాలుగు అంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, నిలబడి నిలబడి పగులుతాయి. పాతదాని నేలను నాలుగు మూలలా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గుచ్చండి. దిగిపోతే వానకు చెక్క కుళ్లినట్టు. ఎంత తగ్గించినా కొనకండి.

750 లోపైనా ఓవర్‌రన్ బ్రేకు ఉన్నదే తీసుకోండి. బండి ఆగితే ట్రైలర్ ముందుకు తోసే తోపుడుతోనే దాని బ్రేకు పడుతుంది. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి కృష్ణ దాకా దిగే ఘాట్‌లో దాని విలువ తెలుస్తుంది. ఆ దిగుడులో రెండో గేరు, మధ్యలో ఒకసారి ఆపి చక్రాల దగ్గర చేయి పెట్టి వేడి చూడటం నా అలవాటు. హుక్కు బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు గిన్నె (కప్లర్) రెండూ 50 ఎంఎం అయి ఉండాలి. అమెరికా సరుకు కప్లర్ రెండంగుళాలది, అంటే 50.8. చూపుకు కూర్చున్నట్టే ఉంటుంది, గతుకులో కదులుతుంది.

ఇప్పుడు ముక్కు బరువు ఎలా చూడాలో చెప్తా, ఇది ప్రతి ప్రయాణానికి ముందు చేస్తాను. సామానంతా సర్దాక, చదునైన నేల మీద ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెడతాను. ఇంట్లో మనం బరువు చూసుకునే మిషన్ తెచ్చి ముక్కు కింద పెట్టి, దాని మీద ఒక పలక, పలక మీద నిలువుగా ఒక కట్టె ముక్క. కట్టె ఎత్తు ఎంతంటే, కప్లర్ దాని మీద ఆనినప్పుడు ట్రైలర్ నేలకు సమంగా ఉండేంత, అంటే హుక్కు బాల్ ఎత్తంత. ముక్కును ఎత్తి దించే జాకీ చక్రాన్ని మెల్లగా తిప్పి ముక్కు బరువంతా కట్టె మీదికి దించుతాను. ముల్లు 40 చూపిస్తే వెనకున్న సామాను ముందుకు జరపాలి, 110 చూపిస్తే వెనక్కి. 70 దగ్గర ఆగేదాకా మార్చి మార్చి చూడటమే. మొదటిసారి గంట పట్టింది. ఇప్పుడు సామాను చోట్లు ఖాయమయ్యాయి, పది నిమిషాలు. ఎత్తడానికి తాత చేయి చాలేది, నాకు మిషన్ కావాలి.

రివర్స్ గురించి టెన్షన్ పడకండి, కానీ నేర్చుకోకుండా బయలుదేరకండి. మా ఊరి ట్రాక్టర్ డ్రైవర్ ఐదు నిమిషాల్లో నేర్పాడు: స్టీరింగ్ కింది అంచు పట్టుకో, డబ్బా ఎటు పోవాలో చేయి అటు జరుపు. అంతే. మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్న రోజు చూసుకుని రెండు ఆదివారాలు ప్రాక్టీస్ చేయండి. నడుస్తున్నప్పుడు పిల్లల్ని ట్రైలర్‌లో ఎక్కించకండి, ఎంత ఏడ్చినా.

చివరగా మీరు వెళ్లాలనుకున్న చోట్లు. బ్యాక్‌వాటర్ ఒడ్డు పైకి ఎండినట్టు కనిపిస్తుంది, నెర్రెలు విచ్చి ఉంటుంది. దాని కింద జానెడు లోతులో ఒండ్రు మెత్తగా పిండిలా ఉంటుంది. నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ దగ్గర నీళ్లకు దగ్గరగా ఫొటో పడుతుందని దిగాను. బొలెరో లాంటి బండే నాదీ, ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. ట్రైలర్ ఇరుసు దాకా దిగింది, దాన్ని లాగబోయి బండి దిగింది. సాయంత్రం చేపల వాళ్లు చూసి ఊళ్లోంచి ట్రాక్టర్ పిలిపించారు. ఆయన ముందు ట్రైలర్‌ని విప్పమన్నాడు, రెంటినీ విడివిడిగా లాగాడు, 1,500 తీసుకున్నాడు. ఎక్కువేం కాదు. వచ్చిన పిల్లలు "ఐస్‌క్రీమ్ ఉందా అంకుల్" అని అడిగారు, తెల్ల డబ్బా చూసి. ఇప్పుడైతే ముందు దిగి నడిచి, మడమతో నాలుగు చోట్ల గట్టిగా తొక్కి చూస్తాను. గడ్డి మొలిచిన చల్క నేల దొరికితే అక్కడే ఆపుతాను. వాన పడ్డ రేగడి మీదికి ట్రైలర్ ఎక్కించే సాహసం అసలు చేయను.

ఇంకో సంగతి: ఒడ్డున తడి గీత ఎక్కడుందో చూసి, దానికి బాగా పైన ఉండండి. సోమశిల శ్రీశైలం జలాశయం మీదిది, పూర్తి మట్టం 885 అడుగులు. వైజాగ్ కాలనీ సాగర్ మీదిది, 590 అడుగులు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పైన గేట్లెత్తితే సాయంత్రం మీరున్న గడ్డ పొద్దునకు చిన్నబోతుంది. ఆ రెండు నెలలు నేను ఒడ్డు జోలికి పోను, హరిత హోటల్ ఆవరణలో అడిగి ఆపుకుంటాను. అమ్రాబాద్ అడవిలోపల ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవడం కుదరదు. శ్రీశైలం దారిలోని మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కూడా, ట్రైలర్‌తో మీ లెక్క కంటే గంట ఆలస్యమవుతుందని గుర్తుపెట్టుకోండి. రైతు పొలంలో ఆపితే కోత అయ్యాకే, అడిగాకే. మీరు అడిగితే కాదనేవాళ్లు తక్కువ, పొద్దున చాయ్ కూడా పంపుతారు.

6 లక్షల్లో ఇదంతా వస్తుందా అంటే, నేను చెప్పిన చిన్న ట్రైలర్‌కి రావాలి. రాకపోతే సోలార్ వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, బ్రేకుని వాయిదా వేయకండి. ముందు ఒక పని చేయండి: ఈ వారం నలుగురూ ఎక్కి, రెండు రోజుల సామానంతా బొలెరోలో వేసి, దగ్గర్లో ఏ ధర్మకాంట ఉంటే దాని మీదికి ఎక్కించండి. ఆ చీటీ, ఆర్సీలో అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) ఉన్న చోటు, రెండూ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. చాసిస్ పొడవు, ఇరుసు ఎక్కడ రావాలో అప్పుడు లెక్కగట్టి చెప్తాను.